ఒకే గంట, ఒకే బిళ్ళ

రోజు 202

ఈ పుస్తకం నేను ముచ్చటపడి రాస్తున్నది కాదు. కొసరు సభలో తీర్మానం నెగ్గించుకున్నవారు ఏడాదిపాటు దానికి పూచీదారుగా ఉండాలి. అది జనానికి ఏం చేస్తున్నదో చూసి రాయాలి; సభలో ఎవరు ఏ ప్రశ్న అడిగినా లేచి జవాబు చెప్పాలి. నూట ఎనభై రోజులుగా నేను ఇందులో "అంతా సవ్యం" అన్న రెండు మాటలే రాస్తూ వచ్చాను. ఇవాళ అంతకన్నా ఎక్కువ రాస్తున్నానంటే కారణం ఒక్కటే: నాకు ఒళ్లు మండుతోంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సభాధ్యక్షుడు మస్తాన్‌వలి కొసరు సీసాను తలకిందులు చేశాడు. ఎర్ర ఇసుక జారడం మొదలైంది. భూమి రోజుకన్నా ఈ కుజుడి రోజుకు అదనంగా దక్కిన ముప్పై తొమ్మిదిన్నర నిమిషాలూ ఏ షిఫ్టుకీ చెందవు. పదిరోజులకొకసారి అవి సభవి, తక్కిన రోజుల్లో ఎవరివి వారివి. ఇవాళ్టి అంశం స్నానపు నీళ్ల వంతులు. పదకొండు నిమిషాలు మాట్లాడాను. ఎదుటిపక్షం వాదనను నిలువునా చీల్చబోతున్న సరిగ్గా ఆ క్షణంలో మొదటి బల్ల దగ్గర గురక వినిపించింది. మెస్ అంతా నవ్వింది. నా చమత్కారానికి కాదు.

గురక పెట్టింది పైడితల్లి. నా గదిలోనే ఉంటుంది. వెలుపలి సొరంగంలో గాలితలుపు నడపడం నాలుగేళ్లు నేర్చుకుని, ఈ ఏడే తాళం మెడలో వేసుకుంది. బయట తిరిగి వచ్చేవాళ్ల ప్రాణాలు ఆ తలుపు వెనుక కూర్చున్న మనిషి చేతిలో ఉంటాయి. అలాంటి మనిషి మిట్టమధ్యాహ్నం, అందులోనూ నేను మాట్లాడుతుండగా, నోరు తెరిచి నిద్రపోయింది. ఒప్పుకోని శ్రోతను ఓడించవచ్చు. నిద్రపోయిన శ్రోతను ఏం చేయగలం?

సభ ముగిసిన గంటకు పైడి చురుకు పరీక్ష తప్పింది. తెర మీద ఎర్రచుక్క కనిపించగానే మీట నొక్కాలి. పది నిమిషాలు సాగుతుంది. ఎనిమిదిసార్లకు మించి ఆలస్యం చేయకూడదు. ఆమె ఇరవై ఒక్కసారి చేసింది. ముప్పై రోజులకొక పరీక్ష. వరసగా మూడు తప్పితే తాళం తీసేసుకుంటారు, మళ్ళీ ఇవ్వరు.

నా తీర్మానం ఏమిటో కూడా ఇక్కడ రాసి ఉంచడం మంచిది. నిద్రకోసం వేసుకునే మెలటోనిన్ బిళ్ళలు ఒకప్పుడు లోపలి గుహల్లోని పెద్దల గూళ్లలో మూలిగేవి. వెలుపలి సొరంగం వాళ్లకు మిగిలితే దక్కేవి. నేను లేచి కొట్లాడాను. రాత్రి తొమ్మిదింటి గంటకు, మెస్‌లో, అందరి ఎదుట, అందరికీ ఒకే బిళ్ళ. నాలుక కింద పెట్టుకుని, కరిగాక పక్కవారికి నాలుక చూపించాలి. ఆ రోజు ఓటుగా నాలుగు వందల పన్నెండు పళ్ళేలు నా పక్షాన బోర్లించారు. అంతకుముందు చిక్కుపడిన దారంలా ఉండే నిద్రవేళల గ్రాఫ్ ఇప్పుడు మెస్ గోడ మీద తిన్నని అడ్డగీతలా ఉంది. దాని కింద నా ఉపన్యాసంలోని వాక్యాన్ని ఎర్రరంగుతో రాశారు: "మినహాయింపు అనేది పెత్తనానికి ముద్దుపేరు."

రోజు 203

ఉదయం గాలి జల్లెడలు దులపడం మా గది వంతు. ముక్కుకు గుడ్డలు కట్టుకుని దుమ్ము తీస్తూనే పైడిని నిలదీశాను.

"నువ్వు బిళ్ళ ఉమ్మేస్తున్నావు."

"నీ ఎదరే గదేటే నాలిక సూపిత్తన్నాను. ఇంకా ఏటి సూత్తావు, గొంతులోకి దిగుతావా?"

"మరి రాత్రంతా ఎందుకు దొర్లుతున్నావు?"

"నిద్దర రాక. సరదాకి దొర్లుతారేటి ఎవులైనా?" జల్లెడను గోడకేసి కొట్టింది. "ఉత్పలా, ఒక్క మాట ఇను. బిళ్ళ రాకముందు ఇరవై రోజులు బాగుండీది, ఇరవై రోజులు పాడుగుండీది. తిరిగీది. ఇప్పుడు తిరగడం మానేసింది. పాడు కాడే కూకుండిపోయింది."

అనుభవం వేరు, రుజువు వేరు అన్నాను. ఒక మనిషి అలసటను బట్టి ఒక విధానాన్ని తూచకూడదన్నాను. ఇంకో మూడు మంచి వాక్యాలు కూడా అన్నాను. ఆమె జల్లెడను తిరిగి గోడకు బిగించి పనికి వెళ్లిపోయింది. వాదన నేను గెలిచానన్నమాట.

రోజు 209

ఆమె అబద్ధం చెబుతున్నదని, లేదా తనను తాను మోసగించుకుంటున్నదని నిరూపిస్తే తప్ప నాకు మనశ్శాంతి లేదు. శరీరశాస్త్రం ల్యాబ్ నుంచి దూదిచుట్టలు తెచ్చాను. రాత్రి దగ్గర పడుతున్నదని మెదడు నిర్ణయించుకోగానే ఒంట్లో మెలటోనిన్ పుడుతుంది, అది ఉమ్మిలోకి దిగుతుంది. మసక వెలుతురులో కూర్చోబెట్టి అరగంటకొకసారి దూది నమిలిస్తే, ఆ మనిషి ఒంటికి సాయంత్రం ఎప్పుడు మొదలవుతున్నదో నిమిషాలతో సహా తేలుతుంది. ఒళ్లు అబద్ధమాడదు.

పైడికి ఇవాళ సెలవు. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా ఎర్రదీపం పెట్టి కూర్చోబెట్టాను. ఇరవై ఆరు చుట్టలు.

"ఇదేటే, మేకకి మేత ఏసినట్టు."

"మాట్లాడకుండా నములు."

"నీకు మాటాడకుండా ఉండడం ఒచ్చా, నాకు సెప్పడానికి?"

రోజు 212

ఫలితాలు వచ్చాయి. చుట్టల వరస తారుమారైనట్టుంది. ఉదయం పదకొండున్నరకు మెలటోనిన్ లేచి, మూడింటికి తారస్థాయికి చేరి, రాత్రి ఎనిమిదికి పడిపోయినట్టు చూపిస్తున్నాయి. ఇది రాత్రి పగలు తలకిందులైన ప్రాణి లెక్క, మనిషిది కాదు. మళ్ళీ చేయాలి. పైడితో చెబితే చేతిలోని గిన్నె నా మీదికి విసరబోయి ఆగింది.

రోజు 217

మళ్ళీ చేశాను. చుట్టల మీద వరస అంకెలు నేనే స్వయంగా వేశాను. పదకొండున్నర.

రోజు 219

రెండు రోజులుగా తరగతులకు వెళ్లలేదు. పాఠాల్లో చదివి, పరీక్షల్లో రాసి, సభలో ఉదహరించి, అర్థం చేసుకోకుండా వదిలేసిన సంగతి ఇప్పుడు అర్థమైంది. దాన్ని నా చేత్తోనే ఈ పుస్తకంలో రాయాల్సి రావడం నాకు చాలా కష్టంగా ఉంది.

మెలటోనిన్ నిద్రమందు కాదు. అది ఒంటికి వేళ చెప్పే కబురు. ఒంటి సాయంత్రానికి కొన్ని గంటల ముందు అందితే లోపలి గడియారాన్ని ముందుకు లాగుతుంది. ఒంటి ఉదయాన అందితే వెనక్కి నెడుతుంది. బిళ్ళ ఒకటే, పనులు రెండు. ఏ పని చేయాలో వేళ నిర్ణయిస్తుంది.

మనిషి గడియారం భూమి కొలతకు తయారైంది. ఇక్కడి రోజు పొడుగు. కాబట్టి కుజుడి మీద ప్రతి మనిషి గడియారాన్నీ ప్రతిరోజూ కొసరంత వెనక్కి నెట్టాలి. లోపలి గుహల్లో ఆ పని పంటల గదుల పెద్దదీపాలు చేస్తాయి. సాయంత్రం ఎనిమిది దాకా ఆ వెలుతురులో తిరిగేవాళ్లకు బిళ్ళ ఉన్నా లేకున్నా పెద్ద తేడా లేదు. గాలితలుపు గదిలో దీపాలు ఉండవు. మీటల మీది చిన్న కాంతులు కనబడాలని అక్కడ ఎప్పుడూ మసకే. కాబట్టి పైడిని నెట్టగలిగింది బిళ్ళ ఒక్కటే. బిళ్ళ నెట్టాలంటే అది ఆమె ఒంటి ఉదయాన పడాలి. నేనేమో దాన్ని రాత్రి తొమ్మిదికి మేకు కొట్టి బిగించాను. ఆమె గడియారం రోజుకింత జారి, జారి, రాత్రి తొమ్మిది తనకు ఉదయం అయ్యేదాకా జారి, అక్కడ ఆ మేకుకు తగులుకుని ఆగిపోయింది.

తిరగడం మానేసింది. పాడు కాడే కూకుండిపోయింది.

గోడ మీద నా గీత హాయిగా అడ్డంగా పడుకుంది. పైడి మాత్రం పడుకోలేదు. మనందరం ఆ గీత కదలడం లేదని సంబరపడ్డాం. అది ఎక్కడ ఆగిందని ఒక్కరమూ అడగలేదు.

విరుగుడు చిన్నది. వెలుపలి సొరంగం వాళ్లకు అదే బిళ్ళ ఉదయం ఆరున్నరకు ఇవ్వాలి. అది వాళ్ల గడియారాన్ని మళ్ళీ తిప్పి, ఇక్కడి ఉదయమే ఒంటికీ ఉదయమయ్యే చోట ఆపుతుంది. అంతే.

రోజు 220

అంతే కాదట. డాక్టర్ జక్రయ్యగారి గదిలో గంటసేపు కూర్చున్నాను. ఆయన అద్దాలు నుదుటి మీదికి తోసి నా కాగితాలు రెండుసార్లు చదివారు.

"తల్లీ, ఇది ఒక్క మనిషి ఉమ్మి."

"రెండుసార్లు తీసిన ఉమ్మండీ."

"పది మందిది తీసినా ఉదయం పూట బిళ్ళ ఇచ్చే అధికారం నాకు లేదు. ఎవరికైనా వేరే వేళ ఇస్తే నా ఉద్యోగం తీసెయ్యాలని తీర్మానంలోనే రాశారు. ఎవరు రాశారంటావ్?"

"నేనే రాశాను."

"చాలా బాగా రాశావమ్మా. సందు దొరక్కుండా రాశావు." ఆయన వెక్కిరించడం లేదు, అదే బాధ. "ఆ గోడ మీది వాక్యం మా మనవరాలికి కంఠతా వచ్చు. తీర్మానం మార్చుకురా. మర్నాడు ఆరున్నరకి నేనే తలుపు దగ్గరికి తెచ్చి ఇస్తాను."

రోజు 230

పది మంది ఉమ్మి కూడా తీశాను. గాలితలుపు పనివాళ్లు మొత్తం పదకొండు మంది. వాళ్ల సెలవులు వాళ్లవి. ఒక్కొక్కరి వెంట పడి, బతిమాలి, మసకగదిలో కూర్చోబెట్టి, నా రేషన్ బెల్లం వాళ్లకు ఎరవేసి, దూది నమిలించాను. ఒకాయన రెండు చుట్టలు మింగేశాడు. పైడితో కలిపి పదకొండు మందిలో ఎనిమిది మందికి సాయంత్రం మధ్యాహ్నానికి ముందే మొదలవుతోంది. ఎల్లుండి సభ. నా తీర్మానాన్ని నేనే కూల్చబోతున్నాను. ఉపన్యాసం సిద్ధం, ఇంతవరకు రాసినవాటిలో ఇదే గొప్పది.

రోజు 232

ఆ ఉపన్యాసంలో ఒక్క వాక్యం కూడా బయటికి రాలేదు.

సీసా తిప్పగానే లేచి, "ఒకే గంట తీర్మానానికి వ్యతిరేకంగా," అన్నాను. మస్తాన్‌వలి గరిటెతో పళ్ళెం మోగించాడు.

"కూర్చో చెల్లెమ్మా. పూచీదారు తన తీర్మానం మీద తనే లేవకూడదు."

"నా తప్పు నేను దిద్దుకోకూడదా అన్నా?"

"ఏడాది దాకా కూడదు. గెలిచిన నోటితోనే మర్నాడు ఓడించి, చూశారా రెండు వైపులా నేనే అని మురిసిన వాళ్లుండేవారు మన కాలేజీలో. వాళ్ల సరదాకి జనం బలయ్యారు. అందుకే ఈ నియమం."

"ఇది సరదా కాదు. నా దగ్గర అంకెలున్నాయి."

"అంకెలు ఇంకెవరైనా చదవచ్చు. నువ్వు జవాబు చెప్పాలి, అంతే."

వెనక బల్లల నుంచి ఎవరో, "మినహాయింపు అడుగుతోందిరోయ్," అన్నారు. ఇంకెవరో గోడ మీది వాక్యాన్ని రాగం తీసి చదివారు. ఐదు వందల మంది నా మాటతో నన్నే కొట్టి నవ్వారు. అంత బలమైన వాక్యం రాసినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

మూడింటికి పైడి రెండో పరీక్ష తప్పింది. ఇరవై ఆరు ఆలస్యాలు. ఐదింటికి తలుపు దగ్గర, బయటి ద్వారం మూసుకున్న దీపం వెలగకముందే లోపలి ద్వారం మీట నొక్కింది. యంత్రం తెరవలేదు, కూత పెట్టింది. అవతల నలుగురున్నారు. యంత్రానికి ఆ తెలివి లేని పాతరోజులైతే ఈ పేజీలో వాళ్ల పేర్లు రాయవలసి వచ్చేది.

గదికి వచ్చి పైడి మంచం మీద కూర్చుంది. మెడలో తాళాన్ని గుప్పిట్లో పట్టుకుంది.

"ఆలు తీసుకునీలోగా నానే ఇచ్చేత్తానే."

"ఇవ్వకు."

"మడుసుల్ని సంపడానికా ఉంచుకోడం?"

నా దగ్గర జవాబు లేదు. ఆ మాట ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను.

రోజు 235

నియమాలు మళ్ళీ చదివాను. దారి ఒక్కటే ఉంది, అది చాలా ఇరుకు. సభలో ఎవరైనా పూచీదారును వరసగా మూడు ప్రశ్నలు అడగవచ్చు. మూడింటికీ నిమిషంలోగా జవాబు రాకపోతే తీర్మానం అక్కడికక్కడే రద్దవుతుంది. పూచీదారు ఆ తర్వాత ఏడాదిపాటు సభలో నోరు విప్పకూడదు. ఈ పుస్తకాన్ని మాత్రం ఇంకో ముప్పై రోజులు రాయాలి. అడిగేవారికీ పూచీదారుకూ మధ్య ముందస్తు ఒప్పందం ఉంటే ఏదీ చెల్లదు.

మూడు నెలల్లో నైరుతి గుహ కాలేజీతో వాదనల పోటీ. నేను మన జట్టుకు నాయకురాలిని. రెండేళ్లుగా నేను బతుకుతున్నది దానికోసమే.

రోజు 237

జల్లెడలు దులుపుతుండగా అడిగాను. "సభలో లేచి నన్ను మూడు ప్రశ్నలు అడుగు."

"నాను? సభలోనా?" పైడి నవ్వింది. "ఆరు నెలల కిందట నీళ్లమేస్త్రీ లేచి అడిగినాడు. నువ్వు ఆణ్ణి ఏటి సేసినావో గుర్తుందా? ఆడు ఇప్పటికీ మెస్‌లో గోడ ఏపు తిరిగి తింటాడు."

"నీకు తాళం కావాలా వద్దా?"

"నువ్వు నన్నూ అలాగే కడిగేత్తావు."

"పూచీదారుగా నేను చేయవలసింది చేస్తాను. ఏం చేస్తానో నీకు చెప్పను, చెప్పకూడదు."

ఆమె నా వైపు తిరిగింది. గుడ్డ కట్టుకున్న ముఖంలో కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి, ఎర్రగా ఉన్నాయి. "పడగొడతావని తెలుసే. అయినా అడుగుతాను. తాళం ఊరికే ఇచ్చేసినాను అనుకోకూడదు ఎవులూ."

ఒప్పందం జరగలేదు. ఈ పుస్తకం చదివేవారికి ఆ సంగతి స్పష్టం చేస్తున్నాను. అసలు నేను నోరు మూసుకోగలనో లేదో నాకే తెలియదు.

రోజు 242

సీసా తిప్పారు. స్నానపు నీళ్లమీద ఇద్దరు మాట్లాడారు. ఇసుక సగం జారాక పైడి లేచి నిలబడింది. ఆ వేళకు ఆమె ఒంటికి అర్ధరాత్రి కావస్తోంది. బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది.

"పూచీదారుని అడగాల," అంది. మస్తాన్‌వలి తలూపాడు.

"రాత్తిరి తొమ్మిదికి బిళ్ళ ఏసుకుంటే మీ అందరికీ నిద్దరొత్తాది. నాకు మెలకువొత్తాది. ఎందుకు?"

నేను లేచి నిలబడ్డాను. జవాబు నా నాలుక మీద సిద్ధంగా ఉంది: నాలుగు వందల మందికి మేలు చేసిన విధానాన్ని ఒకరి నిద్రతో కొలవరాదు. ముప్పై సెకన్లలో ఆమెను కూర్చోబెట్టగలను. పళ్లు బిగించాను. మెస్‌లో గుసగుసలు మొదలయ్యాయి. నేనేదో దెబ్బ దాచుకున్నానని అందరూ ఎదురుచూశారు. నిమిషం గడిచాక మస్తాన్‌వలి పళ్ళెం ఒకసారి మోగించాడు.

"మా సొరంగంలో ఎనమండుగురికి మజ్జాన్నమే సాయంత్రమవుతంది. ఉమ్మి లెక్కల్లో తేలింది, డాక్టరుగారికీ తెలుసు. మీ 'అందరి'లో మేం లెక్కకొత్తామా, లెక్కకి రామా?"

దీనికి నా దగ్గర మూడు జవాబులున్నాయి, ఒకదాన్ని మించి ఒకటి. సమానత్వానికీ సమన్యాయానికీ మధ్య తేడా మీద ఒకటి ఉంది. దాన్ని విని ఐదు వందల మంది బల్లలు చరిచేవారు. నీళ్లు తాగాను. మళ్ళీ తాగాను. పళ్ళెం రెండోసారి మోగింది. వెనక బల్లల వాళ్లు మెడలు చాచారు. డాక్టరుగారు అద్దాలు నుదుటి మీదికి తోసుకున్నారు.

పైడి జేబులోంచి కాగితం తీసింది, చూసింది, మళ్ళీ జేబులో పెట్టేసింది. నన్నే చూస్తూ అడిగింది.

"నలబై రోజుల కిందట గదిలో నీకు సెప్పినాను. తిరగడం మానేసింది, పాడు కాడే కూకుండిపోయిందని. ఆ తరవాత నువ్వు నెల్లాళ్లు దూది నమిలించి, యంత్రాల్లో పెట్టి, కాగితాలమీద కనిపెట్టిందీ అదే మాట. నాను సెప్పినప్పుడు ఎందుకు ఇననేదు?"

నేను నోరు తెరిచాను. నియమాలన్నీ మరిచిపోయి, నిజంగానే జవాబు చెప్పాలని తెరిచాను. లోపల వెతికాను. అనుభవం వేరు, రుజువు వేరు అన్న నా వాక్యం కనిపించింది. దాన్ని ఆమె ముఖంలోకి చూస్తూ అనలేకపోయాను. ఇంకేమీ దొరకలేదు. మొదటి రెండు మౌనాలూ నేను పట్టుకున్నవి. మూడోది నన్ను పట్టుకుంది.

పళ్ళెం మూడోసారి మోగింది.

"తీర్మానం రద్దు," అన్నాడు మస్తాన్‌వలి. తర్వాత నా దగ్గరికి వచ్చి, ఇంకెవరికీ వినపడకుండా, "జట్టుకి ఎవర్ని పెట్టమంటావమ్మా?" అని అడిగాడు. ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి బయటికి నడిచాను.

రోజు 243

ఉదయం ఆరున్నర. డాక్టర్ జక్రయ్యగారు అన్న మాట ప్రకారం తలుపు గది దగ్గరికి స్వయంగా వచ్చారు. ఎనిమిది బిళ్ళలు. పైడి కరిగించుకుని, అలవాటు కొద్దీ నాకు నాలుక చూపించింది.

మూడో పరీక్ష రోజు 262న. ఆమె ఒంటి సాయంత్రం పగలు పదకొండున్నర నుంచి తెల్లవారుజాము, అర్ధరాత్రి మీదుగా రాత్రి తొమ్మిది దగ్గరికి, దాదాపు పదిహేను గంటలు ముందుకు జరగాలి. నా లెక్క ప్రకారం తక్కువలో తక్కువ పద్దెనిమిది రోజులు, ఎక్కువైతే ఇరవై మూడు. మిగిలినవి పంతొమ్మిది. రోజు 232 నాటి సభలో నన్ను మాట్లాడనిచ్చి ఉంటే ఈ లెక్క వేయవలసిన పనే ఉండేది కాదు. మెస్‌లో ఇవాళ గోడ మీది వాక్యాన్ని తడిగుడ్డతో తుడిచారు. పూర్తిగా పోలేదు, 'ముద్దుపేరు' మిగిలింది. మస్తాన్‌వలి గుడ్డ నా చేతికే ఇచ్చాడు.

రోజు 251

ముందుకన్నా అధ్వాన్నంగా ఉంది. గడియారం కదులుతోంది, కాని కదిలే దారిలో ఇప్పుడు ఆమెకు సాయంత్రం తెల్లవారుజామున వస్తోంది. పని మొదలయ్యే వేళకే కళ్లు మూతలు పడుతున్నాయి. డాక్టరుగారు ఆమెకు తలుపు పక్కన జంట మనిషిని కూర్చోబెట్టారు.

"నీ కొత్త లెక్క కూడా పాత దాని అక్కేనేమోనే," అంది పైడి.

తిరగడం మొదలైందని చెప్పాను. వివరంగా చెప్పబోయి ఆగి, "నీకెలా ఉంది?" అని అడిగాను. ఆమె చెప్పింది. చాలాసేపు చెప్పింది. రాసుకున్నాను.

ఇవాళ జట్టు ఎంపిక జరిగింది. మెస్ చివర కూర్చుని విన్నాను. కొత్త నాయకుడి వాదనలో నాలుగు చోట్ల తప్పులున్నాయి. పెదవి లోపలి నుంచి కొరుక్కున్నాను, రక్తం వచ్చింది.

రోజు 258

దూది పరీక్ష మళ్ళీ చేశాం. ఈసారి తెల్లవార్లూ తానే మసకదీపం పెట్టుకుని కూర్చుంది. అర్ధరాత్రి దాటి ఇరవై నిమిషాలకు సాయంత్రం. ఇంకా మూడున్నర గంటలు ముందుకు జరగాలి. రోజులు నాలుగు.

రోజు 262

మధ్యాహ్నం మూడు. పరీక్ష గది బయట నిలబడ్డాను. పది నిమిషాల పరీక్షకు పదిహేడు నిమిషాలు పట్టింది. యంత్రం మధ్యలో మొరాయించిందట. ఈ గుహలో ఏదీ వేళకు జరగదు. పైడి బయటికి వచ్చి ఏడు వేళ్లు చూపించింది. ఎనిమిదికి మించకూడదు. ఏడు. గొప్ప విజయమేమీ కాదు, ఒక్క చుక్క తేడా. మెడలో తాళం అలాగే ఉంది. నా భుజం మీద ఒకటి చరిచి పనిలోకి పోయింది.

ఈ పుస్తకం రాయవలసిన ముప్పై రోజుల్లో ఇంకా పది మిగిలాయి కాని, రాయదగ్గ సంగతి ఇవాళ్టితో అయిపోయింది.

రాత్రి భోజనాలయ్యాక గదికి వచ్చి, సభలో అనకూడనివన్నీ నాలుగు గోడల మధ్య అనడం మొదలుపెట్టాను. పూచీదారు నియమం ఎందుకు తప్పు, ఏడాది నిషేధం ఎందుకు అన్యాయం, వినే పద్ధతి లేని సభకు మాట్లాడే పద్ధతి ఎన్ని నియమాలతో ఉన్నా ఏం ప్రయోజనం. గదిలో అటూ ఇటూ నడుస్తూ చెప్పాను. రెండు అంశాలు పూర్తయ్యాయి. మూడోది నిజంగా బలమైనది. దాన్ని ముగించి, "ఏమంటావ్?" అని తిరిగి చూశాను.

పైడి గోడకు ఆనుకుని, నోరు తెరిచి, తాళం గుప్పిట్లో పెట్టుకుని గురక పెడుతోంది. గడియారం చూశాను. రాత్రి పదీ ఐదు.

దీపం తగ్గించాను. నాలుగో అంశం ఇంకా ఉంది. ఉదయం ఆరున్నరకు, బిళ్ళ వేసుకున్నాక చెబుతాను.